సేనలు వెనక్కి రావడానికి ముందే తేదీ ప్రకటించాలా?

ఉత్తరపుగాలి:
ఈ వాదన ఎప్పుడు మొదలైనా రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. తేదీ చెప్తే శత్రువు అప్పటిదాకా కాచుకుని కూర్చుంటాడని ఒకరు, తేదీ లేకపోతే యుద్ధం ఎప్పటికీ తెమలదని ఇంకొకరు. 2007లో అమెరికా కాంగ్రెస్ ఇరాక్ యుద్ధ ఖర్చుల బిల్లులో ఉపసంహరణ గడువు పెట్టి పంపితే మే 1న అధ్యక్షుడు బుష్ వీటో చేశారు. ఆయన ప్రభుత్వమే 2008 నవంబరులో ఇరాక్‌తో ఒప్పందం చేసుకుంది: 2009 జూన్ 30కల్లా నగరాల నుంచి, 2011 డిసెంబరు 31కల్లా దేశం నుంచి వెళ్లిపోవాలని. ఏడాదిన్నరలో మారిందేమిటి? తేదీ పెట్టడం ఎప్పుడు పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది?

పాతపటం:
మారింది తేదీ కాదు, ఆ తేదీ ఎవరితో కుదుర్చుకున్నదీ అన్నది. 2007లో అది వాషింగ్టన్‌లో రెండు పార్టీల కొట్లాట. అక్టోబరు 1 కల్లా వెనక్కి రావడం మొదలుపెట్టమన్నారు, అదీ అదనపు దళాలు ఇంకా ఇరాక్ చేరుతున్న సమయంలో. 2008 చివరికి పశ్చిమ ఇరాక్ రాష్ట్రం అన్బార్‌లోని సున్నీ తెగలు అల్ ఖైదాకు ఎదురు తిరిగాయి, షియా నాయకుడు ముక్తదా సదర్ మనుషులు కాల్పులు ఆపారు. పైగా విదేశీ సేనలు ఉండటానికి భద్రతా మండలి ఇచ్చిన అనుమతి ఆ డిసెంబరు 31తో ముగుస్తోంది. కొత్త ఒప్పందం లేకపోతే అక్కడ ఉండటానికి చట్టపరమైన ఆధారమే లేదు. తేదీ కావాలని పట్టుబట్టింది ఇరాక్ ప్రధాని మాలికీ ప్రభుత్వం, ఎందుకంటే తేదీ లేని ఒప్పందాన్ని వాళ్ల పార్లమెంటులో నెగ్గించుకోలేరు.

అఫ్గానిస్తాన్ నుంచి వెళ్లిపోవడానికి అమెరికా తాలిబాన్లతో 2020 ఫిబ్రవరి 29న చేసుకున్న దోహా ఒప్పందాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ తేదీ ఇచ్చింది శత్రువుకి. ఎవరి దేశమో ఆ కాబూల్ ప్రభుత్వం బల్ల దగ్గరే లేదు. అమెరికా చేయాల్సినవన్నీ అంకెల్లో ఉన్నాయి: 135 రోజుల్లో 8,600 మందికి తగ్గాలి, ఐదు స్థావరాలు ఖాళీ చేయాలి, 14 నెలల్లో అందరూ వెళ్లిపోవాలి. తాలిబాన్లు చేయాల్సినవి మాత్రం చాలావరకు మాటల్లో ఉన్నాయి. దాడులు ఎంత తగ్గాలి, ఎవరు లెక్కపెట్టాలి, తగ్గకపోతే ఏ అంచె ఆగిపోతుంది అన్నవి ప్రకటించిన పాఠంలో లేవు. 2020 మార్చి 10న మొదలవ్వాల్సిన అఫ్గాన్ వర్గాల చర్చలు సెప్టెంబరు 12న గానీ మొదలవ్వలేదు. ఉపసంహరణ మాత్రం ఆగలేదు.

లెక్కలపుస్తకం:
రాజకీయం అలా ఉంచి, పని సంగతి చూద్దాం. వెనక్కి రావడం అంటే చివరి రోజు నుంచి వెనక్కి లెక్కవేయడం. ముందు గోదాములు, మరమ్మతు షెడ్లు, అవసరం లేని బరువు కదలాలి. ఆఖరుదాకా ఉండాల్సినవి నాలుగు: విమానాశ్రయ రక్షణ, హెలికాప్టర్లు, ఆసుపత్రి, పై నుంచి కాపు కాసే విమానాలు. వీటిలో ఏది ముందు పోయినా మిగిలినవాళ్లు ఇరుక్కుంటారు.

ఇరాక్‌కి పక్కనే కువైట్, రోడ్డు, రేవు ఉన్నాయి. అందుకే గడువుకి 13 రోజుల ముందే, 2011 డిసెంబరు 18న, చివరి కాన్వాయ్ సరిహద్దు దాటింది. అఫ్గానిస్తాన్‌కి సముద్రం లేదు. 2011 నవంబరులో అఫ్గాన్ సరిహద్దు దగ్గరి సలాలా చెక్‌పోస్టుల మీద నాటో దాడిలో 24 మంది పాక్ సైనికులు చనిపోయాక పాకిస్తాన్ రోడ్డు మూసేసింది, 2012 జులై దాకా తెరవలేదు. సరుకంతా ఉత్తరం దారిన, చాలా ఎక్కువ ఖర్చుతో తిప్పాల్సి వచ్చింది. తేదీ మన చేతిలో ఉన్నా దారి పక్కవాడి చేతిలో ఉంటుంది.

2021లో లారీల సమస్య లేదు, మిగిలింది 2,500 మందే. దెబ్బ తిన్నది వరుస. రెండు రన్‌వేలున్న బగ్రామ్ వైమానిక స్థావరాన్ని జులై మొదట్లో వదిలేశారు. ఒకే రన్‌వే ఉన్న కాబూల్ విమానాశ్రయం మిగిలింది, అదీ నగరం మధ్య. పౌరుల్ని దాటించకముందే సైన్యం వెళ్లింది. ఆగస్టు 15న కాబూల్ పడిపోయాక వేలమంది సైనికుల్ని మళ్లీ దింపి, 1,20,000 మందికి పైగా జనాన్ని ఎత్తుకురావాల్సి వచ్చింది. 26న గేటు దగ్గర బాంబు పేలి 13 మంది అమెరికన్ సైనికులు, సుమారు 170 మంది అఫ్గాన్లు చనిపోయారు.

ఎవరూ పట్టించుకోని ఇంకో విషయం, కాంట్రాక్టర్లు. దోహా పాఠం ప్రకారం వాళ్లూ అదే తేదీకి వెళ్లాలి. అఫ్గాన్ వైమానిక దళానికి విడిభాగాలు, మరమ్మతులు వాళ్లే. విమానాలు నేల మీద ఆగిపోతే, గాలి దారిన తిండి, తూటాలు అందే దూరపు శిబిరాలు ఎన్ని రోజులు నిలబడతాయి?

సరిహద్దు:
అయితే దోషం తేదీది కాదన్నమాటే. అఫ్గానిస్తాన్ నుంచి వెళ్లడానికి సోవియట్లూ తేదీ పెట్టారు కదా. 1988 ఏప్రిల్ 14న జెనీవా ఒప్పందం. మే 15న మొదలు, ఆగస్టు 15కి సగం, 1989 ఫిబ్రవరి 15కి పూర్తి. చెప్పిన రోజునే జనరల్ గ్రోమోవ్ తెర్మెజ్ దగ్గర సరిహద్దు వంతెన దాటాడు. సోవియట్ల అండతో ఉన్న అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా నెలల్లో పడిపోతాడని చాలామంది అంచనా. పడలేదు. మార్చిలో జలాలాబాద్ మీదికి వచ్చిన ముజాహిదీన్లను అతని సైన్యమే తిప్పికొట్టింది. కారణం సోవియట్ల నుంచి డబ్బు, ఇంధనం, స్కడ్ క్షిపణులు ఆగకుండా రావడమే. 1992 మొదట్లో ఆ సాయం ఆగింది, ఏప్రిల్‌లో అతను పడిపోయాడు. తేదీ తర్వాత ఏం పంపుతారన్నదే స్థానిక కమాండర్ చూసేది.

లెబనాన్ 2000 దీనికి తిరగేసిన బొమ్మ. దక్షిణ లెబనాన్ నుంచి వెళ్లడానికి ఇజ్రాయెల్ ప్రధాని ఎహుద్ బరాక్ పెట్టుకున్న గడువు జులై 7. ఇజ్రాయెల్ వెళ్లాక తమ గతేమిటో తెలియని దక్షిణ లెబనాన్ సైన్యం (ఇజ్రాయెల్ అండతో నడిచిన స్థానిక దళం) మే నెలలోనే చెదిరిపోయింది. మే 24కే హడావిడిగా అంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. గోడ మీది పిల్లులు ఎటు దూకాలో గడువుకి చాలా ముందే తేల్చుకుంటాయి.

పాతపటం:
ఒప్పుకుంటాను, ఒక్క తేడాతో. తేదీ బదులు 'పరిస్థితిని బట్టి' అంటే సరిపోతుందని కొందరంటారు. ఆ పరిస్థితిని కొలిచేది అక్కడున్న సైన్యమే అయితే అది ఎప్పటికీ అనుకూలించదు. కొలతలు ముందే రాసుకోవాలి, అవి తప్పితే ఫలానా అంచె ఇన్ని రోజులు ఆగుతుందనీ రాయాలి. చివరి తేదీ బహిరంగంగా ఉండొచ్చు, ఏ స్థావరం ఏ వారం ఖాళీ అవుతుందో మాత్రం బయటికి రాకూడదు. 2009 డిసెంబరులో ఒబామా ఒకే ప్రసంగంలో అఫ్గానిస్తాన్‌కి 30,000 మందిని పంపుతున్నాననీ, 2011 జులై నుంచి వెనక్కి రప్పిస్తాననీ చెప్పారు. కాబూల్‌లోనూ ఇస్లామాబాద్‌లోనూ రెండో మాటే గట్టిగా వినిపించింది.

ఉత్తరపుగాలి:
మరి 2014లో ఇరాక్ నగరం మోసుల్ ఐసిస్ చేతికి పోవడం? 2011 తేదీ వల్లే అంటారు.

లెక్కలపుస్తకం:
కొంత నిజం. శిక్షణకు కొంతమందిని ఉంచాలనే చర్చలు, ఇరాకీ చట్టాల నుంచి అమెరికన్ సైనికులకు రక్షణ ఇచ్చే విషయం దగ్గర 2011 అక్టోబరులో తెగిపోయాయి. కానీ మోసుల్ సైన్యం లోపలి నుంచే పుచ్చిపోయింది. మాలికీ తన నమ్మకస్తులకు పదవులు కట్టబెట్టారు, లేని సైనికుల పేర జీతాలు నడిచాయి. తర్వాత వచ్చిన ప్రధాని అబాదీ 2014 నవంబరులో పార్లమెంటుకి చెప్పిన లెక్క ప్రకారం, దేశం మొత్తం మీద అలాంటి పేర్లు 50,000.