సమస్యాపూరణం: "కూడు మానువాఁడె కొవ్వుఁ బెంచు"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ హగణాలే (గురువు, లఘువు). యతి, అంటే మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాల పొత్తు, కూ–కొ. అంతకంటే సులువైన పాదం ఇవ్వడం నాకు చేతకాదు.

*కూడు మానువాఁడె కొవ్వుఁ బెంచు*

ఈ పాదాన్ని నాకు మా ఇంటి శనివారాలే ఇచ్చాయి. మాకు ఆ రోజు ఒంటిపొద్దు. రాత్రి అన్నం ముట్టను. అన్నానికి బదులు నాలుగు ఇడ్లీలు, ఆపైన రెండు పెసరట్లు, వాటి కడుపులో ఉప్మా. పదేళ్ళు ఇంత నిష్ఠగా ఉపవాసం చేసి ఏడు కిలోలు పెరిగాను. 'కూడు' మాటను ముందు పాదంలోని మాటతో కలుపుకొన్నా అభ్యంతరం లేదు.

విశ్రాంత గణితోపాధ్యాయుడు:
ఉదయ మేమి తినక యోర్చుకొన్నను గాని
రాత్రి యాఁకలెత్తి రాశి మెక్కు;
పగటి లంకణంబు పండుగై ముగియును
కూడు మానువాఁడె కొవ్వుఁ బెంచు

నిర్వాహకుడు:
మాస్టారూ, మొదటి పూరణ మీదే. బాగుంది. నా శనివారమే పద్యమైంది. ఒక్క మాట: 'ముగియును' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాతి 'క' సరళమై 'గ'గా మారాలి. తర్వాతి పాదం కొత్త వాక్యం కాబట్టి 'కూడు' సరళం కాకుండా నిలిచింది. కానీ పట్టుదల గలవారు అడుగుతారు. అక్కడ విరామ చిహ్నం పెట్టేయండి.

విశ్రాంత గణితోపాధ్యాయుడు:
పెట్టాను. నాకు లెక్క మీదే మోజు కాబట్టి ఇంకొకటి చెబుతాను. రోజుకు మూడు కాఫీలు, ఒక్కొక్క దానికి రెండు చెంచాల చక్కెర. చెంచా 5 గ్రాములు అనుకుంటే మొత్తం 30 గ్రాములు, అంటే 120 కెలొరీలు. నేను రెండు చెంచాలను ఒకటి చేశాను. రోజుకు 60 మిగిలింది, ఏడాదికి 21,900. కిలో కొవ్వుకు సుమారు 7,700 అంటారు కదా, దాదాపు 2.8 కిలోలు తగ్గాలి. నేను తగ్గింది కిలోన్నర. ఎక్కడ తప్పాను?

డాక్టరమ్మ:
తప్పలేదు మాస్టారూ. మీ శరీరం లెక్కల పుస్తకం చదవలేదు, అంతే. బరువు తగ్గేకొద్దీ దానికి కావలసిన ఇంధనమూ తగ్గుతుంది, అందుకే ఆ గీత పోనుపోను వాలు తగ్గి చదునవుతుంది. లంకణాల వారి సంగతి ఇంకా కష్టం. మొదటి వారంలో తూకంలో పోయేది చాలావరకు నీరే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం తన బరువుకు మూడింతల నీటిని పట్టుకొని ఉంటుంది. అది కరిగితే ఆ నీరూ పోతుంది. మళ్ళీ అన్నం తిన్న రెండు రోజులకే రెండూ తిరిగి వస్తాయి. దాన్ని చూసి "నాకు ఏదీ పనిచేయదు" అని కుంగిపోయేవారిని రోజూ చూస్తుంటాను. పద్యం రాయడం రాదు గానీ మీ రెండో పాదంలోని 'ఆఁకలెత్తి' నాకు నచ్చింది. జరిగేది అదే. బాగా తగ్గినవారికి ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, చాలన్న కబురు మోసే లెప్టిన్ తగ్గుతుంది.

ఛందోవిద్యార్థి:
నమస్కారం. ఇది నా మూడో పద్యం. తప్పులుంటే మన్నించండి.

పెండ్లి ముంగిట నెల పస్తుండి తగ్గెను
పెండ్లి యైన పిదప విందు తినఁగ
తగ్గినంత మరల తగిలి రెట్టింపయ్యె
కూడు మానువాఁడె కొవ్వుఁ బెంచు

నిర్వాహకుడు:
గణాలన్నీ కుదిరాయి నాయనా, సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. 'పె'కు 'ప' హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు. ఎ, ఇ ఒక జట్టు. అ వేరే జట్టు. ఈ సవరణ చూడండి:

పెండ్లి ముంగిట నెల పిడికెఁడే తిని తగ్గె

రెండో పాదంలో పె–వి యతి చెల్లుతుంది, వకారానికి పవర్గంతో మైత్రి ఉంది. ఇంతకీ పెళ్ళి ఎవరిది?

ఛందోవిద్యార్థి:
నాదేనండీ. షేర్వానీ కుట్టించాక తగ్గాను, కాబట్టి వదులైంది. ఇప్పుడు పట్టడం లేదు.

సీమబిడ్డ:
తెల్లబువ్వ కొండ తిను నల్లునకు నాఁడు
బొజ్జ పెరుగ మామ బుద్ధి చెప్పె:
"మాన నేల యయ్య! మా సీమలో జొన్న
కూడు మానువాఁడె కొవ్వుఁ బెంచు"

నిర్వాహకుడు:
అబ్బ! 'జొన్న'ను మూడో పాదం చివర నిలబెట్టి, సమస్యలోని 'కూడు'ను దానికి అతికించారు. ఇక వైరుధ్యమే లేదు. ఈ వారం నాకు బాగా నచ్చిన విరుపు ఇదే. 'తిను నల్లునకు'లో నుగాగమం (అచ్చుకు ముందు చేరే నకారం) కూడా సరిగ్గా పడింది.

డాక్టరమ్మ:
పద్యానికి చప్పట్లు, మామగారికి చిన్న అభ్యంతరం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో వంద గ్రాముల పాలిష్ బియ్యానికి సుమారు 356 కెలొరీలు, జొన్నలకు 334. తేడా పెద్దదేమీ కాదు. పీచులో ఉంది తేడా: బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది. నమలడానికి సేపు పడుతుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ ఆరు జొన్నరొట్టెలు నెయ్యి పూసుకొని తింటే సీమ కూడా కాపాడదు.

సీమబిడ్డ:
నిజమేనమ్మా. మా అవ్వ కాలంలో వరి అన్నం పండుగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక రోజూ అన్నమే అయింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టను. అప్పుడు మా ఇంట్లో అందరూ పొలం పని చేసేవారు, నేను కుర్చీలో కూర్చుంటున్నాను. అన్నం కొలత మాత్రం మారలేదు. ఇప్పుడు రాత్రికి మాత్రమే రెండు రొట్టెలు, పప్పు. పగలు అన్నమే తింటాను. అదీ మానమంటే నా వల్ల కాదు.

గోదారి గట్టు:
ఆఱు నెలలు నిదుర, యన్నమే ముట్టక
లేచినంత మ్రింగు లేళ్ళ మంద
కుంభకర్ణుఁ జూచి కొంచెమే తినుమయ్య!
కూడు మానువాఁడె కొవ్వుఁ బెంచు

నిర్వాహకుడు:
పురాణం రాకపోతే ఈ గోష్ఠికి వెలితే. నవ్వుకున్నాను. అయితే 'మానువాఁడు' అంటే తన ఇష్టంతో మానినవాడు. కుంభకర్ణుడి నిద్ర బ్రహ్మ మాట వల్ల వచ్చింది గానీ ఆయన పథ్యం పెట్టుకోలేదు. అన్వయం అక్కడ కొంచెం జారింది.

గోదారి గట్టు:
ఒప్పుకుంటున్నాను. ఆయన్ని తూకం వేసినవారూ లేరు.

వంటింటి కవయిత్రి:
గరిటె నూనె తగ్గి, కాలికిం బని హెచ్చి,
నిదుర నిండె నేని నెమ్మి బరువు
తగ్గుఁ గాని, వెఱ్ఱి తపసి వేషము దాల్చి
కూడు మానువాఁడె కొవ్వుఁ బెంచు

నిర్వాహకుడు:
'వెఱ్ఱి తపసి వేషము' దగ్గర ఆగిపోయానమ్మా, ఎంత చక్కని మాట! 'నెమ్మి బరువు' మాత్రం తొందరలో చదివితే నెమలి బరువు అనిపిస్తోంది. 'నెమ్మిఁ' అన్నా ఆ నెమలి పోదు.

వంటింటి కవయిత్రి:
పురి విప్పిన నెమలి ఇంకా బరువండీ! ఇలా మారుస్తాను:

నిదుర నిండె నేని నెలకుఁ గొంత

గరిటె కవిసమయం కాదు, నిజం. సీసా నుంచి నేరుగా బాణలిలో పోయడం మాని గరిటెతో కొలిచి పోస్తున్నాను. మూడు వారాలు మావారికి తెలియలేదు. నాలుగో వారం నూనె సీసా ఇంకా ఖాళీ కాలేదేమని ఆయనే అడిగారు.

నిర్వాహకుడు:
'నెలకుఁ గొంత'తో పద్యానికి ప్రాణం వచ్చింది. తగ్గేదేమిటో పైకి చెప్పకపోయినా కింద కొవ్వు ఉండనే ఉంది.

విశ్రాంత గణితోపాధ్యాయుడు:
నిర్వాహకులు తమ పూరణ ఇంకా పెట్టలేదు. ఏడు కిలోల కథ కూడా మధ్యలో ఆగింది.

నిర్వాహకుడు:
ఏడింటిలో మూడు దిగాయి మాస్టారూ, పద్నాలుగు నెలలు పట్టింది. ఒంటిపొద్దు మానలేదు, పెసరట్టు ఒకటైంది, ఉప్మా వేరే రోజుకు వెళ్ళింది. పూరణకు రెండు పాదాలే వచ్చాయి, మూడో పాదంలో యతి కుదరడం లేదు. భోజనమైంది. వీధి చివర రావిచెట్టు దాకా నడిచి వచ్చి చూస్తాను.