హాబీకి తెలుగు మాట: అభిరుచా, వ్యాపకమా, పిచ్చా?

మొదటి పోస్టు

ఒక చిన్న సంచికవాళ్లు నా గురించి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. పేరూ పనీ రాసేశాను. "అభిరుచులు" దగ్గర పెన్ను ఆగింది. పుస్తకాలు, ప్రయాణాలు, వంట, పాత సినిమాలు అని రాసి చదువుకుంటే ఎవరో ఇంటర్వ్యూకి బట్టీపట్టిన జవాబులా ఉంది. ఇన్నేళ్లలో నోరు తెరిచి "వంట నా అభిరుచి" అని నేనెప్పుడూ అనలేదు. మీలో ఎవరైనా అన్నారా? మాట్లాడేటప్పుడు హాబీ అనేస్తాం. మరి తెలుగులో నిజంగా మనుషులు వాడే మాట ఏది?

జవాబు

వ్యాపకం అనండి మేడమ్. సరిపోతుంది.

జవాబు

వ్యాపకం అంటే నాకు రిటైరైనవాళ్ల మాటలా వినిపిస్తుందండీ. "ఊరికే కూర్చోలేం కదా, ఏదో ఒక వ్యాపకం ఉండాలి" అంటారు చూడండి, ఆ గొంతు. సంస్కృతంలో వ్యాపకం అంటే అంతటా వ్యాపించేది. తెలుగులోకి వచ్చేసరికి ఆ విస్తారమంతా పోయి, చేతికి ఓ పని అన్నంతవరకే మిగిలింది.

కాలక్షేపం మరీ అన్యాయం. క్షిప్ ధాతువుకి విసరడం అని అర్థం. క్షిపణి కూడా అందులోంచి పుట్టిందే. అంటే కాలాన్ని పట్టుకుని విసిరి పారేయడం అన్నమాట! తమాషా ఏమిటంటే, అదే ధాతువుకి ముందు "ని" చేరిస్తే నిక్షేపం, భద్రంగా దాచిపెట్టిన నిధి. నేను పాత నాణేలు పోగేస్తుంటాను. నాది నిక్షేపమని నా వాదన, కాలక్షేపమని ఇంట్లోవాళ్ల వాదన. ఇద్దరం ఒకే ధాతువు దగ్గర కొట్టుకుంటున్నామని ఈమధ్యే తెలిసింది.

జవాబు

ఇంగ్లీషు హాబీ మాత్రం ఏమంత గొప్పది? హాబీ అంటే మొదట ఓ రకం పొట్టి గుర్రం. ఆ తర్వాత పిల్లలు కాళ్ల మధ్య పెట్టుకుని పరిగెత్తే కర్ర గుర్రం. ఆ గుర్రం దిగనివాడి గురించి చెప్పీ చెప్పీ ఇప్పటి అర్థం వచ్చింది. ఎంతసేపు స్వారీ చేసినా ఎక్కడికీ చేర్చని గుర్రం కదా, నాకైతే భలే కుదిరిందనిపిస్తుంది.

అభిరుచిని అంత తేలిగ్గా తీసేయకండి. రుచ్ ధాతువుకి వెలగడం అనీ, నచ్చడం అనీ రెండర్థాలు. రుచిరం, రోచిస్సు ఆ వెలుగు వైపువి. నాలుకకి తెలిసే రుచి కూడా ఆ ఇంటిదే. కాబట్టి తక్కినవాటి సంగతి ఎలా ఉన్నా, వంటకి అభిరుచి అనే హక్కు మీకుంది.

జవాబు

ప్రయాణాల దగ్గర "షికార్లు" అని రాయండి, బాగుంటుంది. ఫారసీలో షికార్ అంటే వేట. హిందీలో ఇప్పటికీ వేటే, వేటగాడు షికారీ. మన దగ్గర వేట జారిపోయి తిరుగుడు మాత్రం మిగిలింది. ఇంకో సంగతి: సప్తవ్యసనాల జాబితాలో జూదం, పానం పక్కన వేట కూడా ఉంది. సంస్కృతంలో రాజులకి వద్దన్న పని ఫారసీ దారిలో తిరిగొచ్చి, సాయంత్రం పిల్లల్ని వెంటేసుకుని చేసే పనైపోయింది!

జవాబు

మీరంతా నామవాచకాల చుట్టూనే తిరుగుతున్నారు మాస్టారూ. వాటి పక్కన వచ్చే క్రియ చూడండి.

సరదా పడ్డాను, ముచ్చట పడ్డాను, మోజు పడ్డాను. వీటిలో కర్త నేనే. పడేదీ నేనే, కావాలంటే లేచి దులుపుకునేదీ నేనే. పిచ్చి దగ్గరికి రండి. "నాకు సినిమాల పిచ్చి పట్టింది" అంటాం. ఇక్కడ కర్త పిచ్చి. జ్వరం పట్టినట్టే, మనం మంచం మీద ఉంటాం, అది వచ్చి పట్టుకుంటుంది. వ్యసనం దగ్గర ఇంకా దిగజారి "బానిస" అవుతాం. అలవాటుది అటూ ఇటూ కాని బతుకు: అలవాటు చేసుకున్నాను, అలవాటు పడ్డాను, అలవాటైపోయింది. మూడూ వరసగా పలికితే ఒక మనిషి చెయ్యి నెమ్మదిగా జారడం వినిపిస్తుంది.

నా ఉద్దేశంలో హాబీకి తెలుగులో ఒకే మాట లేకపోవడానికి కారణం ఇదే. మనం చేసే పనికి పేరు పెట్టలేదు. అది మనల్ని ఎంత గట్టిగా పట్టుకుందో దానికి పేర్లు పెట్టుకున్నాం. వంటంటే ఒకరికి సరదా, ఒకరికి ధ్యాస, ఇంకొకరికి పిచ్చి. తిండి దగ్గర మాత్రం యావ. "పుస్తకాల యావ" అని నేనెక్కడా వినలేదు, ఎందుకో మరి.

ఒక్కటి మర్చిపోయాను. "సరదా తీరింది" అంటే కోరిక తీరిందని కాదు, తగిన శాస్తి జరిగిందని. రాత్రంతా నిలబడి ప్రయాణం చేసినవాళ్లకి బాగా తెలుసు.

జవాబు

పై జవాబుకి కొనసాగింపు. భర్తృహరి నీతిశతకంలో "విపది ధైర్యమ్" శ్లోకం గుర్తుందా? మహాత్ముల సహజగుణాలు చెబుతూ "యశసి చాభిరుచిర్వ్యసనం శ్రుతౌ" అంటాడు. కీర్తి మీద అభిరుచి, చదువు మీద వ్యసనం! మన రెండు మాటలూ ఒకే పాదంలో, అదీ పొగడ్తగా. కీర్తికి మెత్తటి మాట సరిపోయింది, చదువుకి మాత్రం వదలనిది కావాల్సి వచ్చింది.

ఏనుగు లక్ష్మణకవి దీన్ని "ఆపదలందు ధైర్యగుణ" అనే ఉత్పలమాలలోకి తెచ్చాడు. అక్కడ "యశమునం దనురక్తియు, విద్యయందు వాంఛాపరివృద్ధియున్" అని ఉంటుంది. అభిరుచి అనురక్తి అయింది. వ్యసనం మాయమై వాంఛాపరివృద్ధి వచ్చింది. ఛందస్సు ఇబ్బందో, తెలుగు చెవికి వ్యసనం అప్పటికే చేదెక్కిందో! నా ఓటు రెండోదానికి.

మొదటి పోస్టు రాసినావిడ

అందరికీ థ్యాంక్సండీ. మీ మాటలన్నీ విని ధైర్యం చేశాను. "పుస్తకాల పిచ్చి పట్టి చాలా ఏళ్లయింది. వంట ఒక సరదా. పాత సినిమాలకి అలవాటు పడ్డాను. షికార్లంటే ప్రాణం" అని రాసి పంపాను. నిన్న ప్రూఫు వచ్చింది. తక్కినవి ఉంచి, పిచ్చి ఒక్కటి కొట్టేసి "పుస్తకాల మీద ఆసక్తి" అని దిద్దారు.

జవాబు

ఆసక్తిలో ఉన్నది సంజ్ ధాతువు మేడమ్. అంటుకుపోవడం. వాళ్లకి చెప్పకండి.