గుంటూరు కుగ్లర్ ఆసుపత్రికి ఆనాటి స్త్రీలు కాన్పుకు ఎలా వచ్చారు?

ప్రశ్న – గుంటూరు పాఠకుడు

మా ఊరి చరిత్ర మీద ఒక వ్యాసం సిద్ధం చేసుకుంటున్నాను. లూథరన్ మిషన్ వారు స్త్రీలకూ పిల్లలకూ ఇక్కడ ఆసుపత్రి తెరిచింది 1898లో అని చదివాను. ఆ కాలంలో పురుడు ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా జరిగేది. మైల, అంటు, గోషా (స్త్రీలు పరాయి మగవారి కంట పడకూడదన్న పరదా ఆచారం) వంటి కట్టుబాట్లు బలంగా ఉండేవి. పైగా ఆసుపత్రి నడిపేవారు విదేశీయులు, క్రైస్తవులు. అటువంటి చోటికి ఆచారం పాటించే కుటుంబాల స్త్రీలు సైతం ఎలా రాగలిగారు? మతప్రచారం సంగతి కూడా దాచకుండా ఎవరైనా వివరించగలరా?

జవాబు – పాత కాగితాలు

వారు ఆసుపత్రికి రావడానికి చాలా ముందే డాక్టరమ్మ వారి ఇళ్లకు వెళ్లింది. ఈ ఆసుపత్రిని స్థాపించిన అమెరికా వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకుని 1883లో గుంటూరు చేరారు. విచిత్రమేమిటంటే, ఆమెను పంపిన లూథరన్ చర్చి మహిళా సంఘం ఆమెను వైద్యురాలిగా పంపలేదు. ఆ పని చేపట్టడానికి సంఘం అప్పటికింకా సిద్ధంగా లేదు. అందువల్ల ఆడపిల్లల బడులూ, గోషాలో ఉండే స్త్రీలకు ఇళ్లకు వెళ్లి చదువు చెప్పే పనీ ఆమెకు అప్పగించారు. అయినా రోగులను చూడటం ఆమె మానలేదు. వైద్య మిషనరీగా నియామకం 1885 చివరికి గానీ రాలేదు. ఈ ఆలస్యమే ఒక విధంగా కలిసి వచ్చిందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆసుపత్రి గోడలు లేచేనాటికే ఆమె ఈ ఊరి లోగిళ్లలో ఎరిగిన మనిషి.

మగ డాక్టరు చేయి తగలడానికి ఒప్పుకోని ఇళ్లు అప్పుడు ఎన్నో. వేలూరులో ఆసుపత్రి స్థాపించిన ఐడా స్కడర్ తాను వైద్యం చదవడానికి కారణంగా చెప్పిన సంఘటన ఇదే: ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై, వారి ఇంటివారు మగ డాక్టరు సాయం వద్దన్నందువల్ల చనిపోయారు. ఈ అవసరాన్ని గుర్తించింది మిషన్ల వారే అనుకోకండి. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకుంది, 1885లో అక్కడ గోషా ఆసుపత్రి కూడా వెలిసింది.

ఇక తిండి సంగతి. తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు మంత్రిప్రెగడ భుజంగరావు ఆసుపత్రి ఎదుట హిందూ రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ సత్రంలోనే ఉంది. వైద్యం లోపల, వంట బయట అన్న ఏర్పాటు కుదిరితే తోడు వచ్చిన అత్తగారికి అభ్యంతరం చెప్పడానికి పెద్దగా మిగలదు.

జవాబు – విశ్రాంత నర్సు

చరిత్ర పై వారు చెప్పారు కనుక వైద్యం వరకు చెబుతాను. మంత్రసానిని తక్కువ చేయకండి, బిడ్డ సవ్యంగా తిరిగి ఉంటే ఆమె అనుభవం సరిపోయేది. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, రక్తస్రావం ఆగనప్పుడు, పురుటి జ్వరం వచ్చినప్పుడు మాత్రం ఆమె చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. కొడవలితోనో వెదురు బద్దతోనో బొడ్డు కోసి, దాని మీద బూడిదో పేడో అద్దితే ధనుర్వాతం సోకేది. పుట్టిన వారం పది రోజుల్లో బిడ్డ దవడలు బిగిసి పాలు తాగడం మానేస్తే దాన్ని గ్రహదోషం అనుకునేవారు.

అయితే ఆనాటి ఆసుపత్రికి సర్వశక్తులూ ఉన్నాయని కూడా రాయకండి. పురుటి జ్వరాన్ని తగ్గించే సల్ఫా మందులు 1930ల నాటివి. అప్పటిదాకా చేతులు కడుక్కోవడం, పనిముట్లు మరిగించడం, శుభ్రమైన పక్క వేయడమే అసలు రక్షణ. రెండు రోజులు నొప్పులు పడ్డాక బండి మీద తెచ్చిన కేసులో బిడ్డ దక్కకపోయినా తల్లి దక్కితే అదే గొప్ప. ఆ పక్కలు వేసి, ఆ నీళ్లు మరిగించింది తెలుగు అమ్మాయిలే. నెత్తురూ మలమూత్రాలూ ముట్టే పనిని ఇతర కులాల వారు నీచంగా చూసిన రోజుల్లో నర్సు పనికి ముందుగా వచ్చినవారు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. మీ వ్యాసంలో డాక్టరమ్మ పక్కన వారికీ చోటు ఇవ్వండి.

జవాబు – సత్తెనపల్లి మాస్టారు

మతం గురించి ఎవరూ ఎత్తలేదు కనుక నేను చెబుతాను. ప్రచారం మిషన్ ఆసుపత్రి ఉద్దేశంలో భాగమే, అందులో దాచేందుకు ఏమీ లేదు. చికిత్సకు ముందు ప్రార్థన, మంచాల దగ్గర బైబిలు చదివి వినిపించే స్త్రీలు ఇటువంటి ఆసుపత్రుల్లో మామూలు. భారత స్త్రీలకు వైద్యం అందించడానికి వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరున 1885లో ఏర్పడిన డఫరిన్ నిధి ఆసుపత్రుల్లో మతబోధను నిషేధించారు, ఆ తేడా గమనించదగ్గది. అయితే వినడం వేరు, మతం మారడం వేరు. మందు తీసుకుని బోధను విని ఊరుకున్నవారిని మనం అమాయకులుగా చిత్రించనక్కరలేదు, వారికి కావలసింది ఏమిటో వారికి తెలుసు.

కుగ్లర్ 1930లో మరణించారు. అంతకు రెండేళ్ల ముందు ఈ ఆసుపత్రి చరిత్రను ఆమే పుస్తకంగా రాశారు. అది తప్పక చదవండి, కానీ అది అమెరికాలో చందాలిచ్చిన సంఘ సభ్యులకు కూడా చెప్పిన కథ అని మనసులో ఉంచుకోండి. రోగుల వైపు మాట కోసం అక్కడ పురుళ్లు పోసుకున్న కుటుంబాల పెద్దవారిని అడగడమే దారి. బ్రాడీపేట, కొత్తపేట వైపు నుంచి మొదలుపెట్టండి.