ఈ వారం సమస్య (ఇచ్చిన చివరి పాదానికి ముందు మూడు పాదాలు కట్టి పూరించాలి): పుట్టినట్టి నాడె గిట్టె నతడు

రేవు మాస్టారు (రాజమండ్రి):
అందరికీ నమస్కారమండి. పోయిన వారం సమస్యకి వచ్చినవి మూడంటే మూడు పూరణలు, అందులో ఒకటి నాదే, కందం అనగానే అందరికీ ఒకేసారి పెళ్ళిళ్ళూ పనులూ వచ్చేశాయి కాబట్టి ఈసారి ఆటవెలది ఇస్తున్నా, ఇంక వంకలు చెప్పకండి. రేపు జులై 4. మన అల్లూరి పుట్టింది ఆ తారీఖునే, 1897లో. జెండా పింగళి వెంకయ్యగారు పోయింది ఆ తారీఖునే, 1963లో. వివేకానందుడు 1902లో, అదీ ఆ తారీఖే. అమెరికా వాళ్ళ పండగ సరేసరి. ఒక్క తారీఖు నెత్తిన ఇన్ని పడ్డాయేంటా అని పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని అనుకుంటుంటే ఈ పాదం తట్టింది:

పుట్టినట్టి నాడె గిట్టె నతడు

చరిత్రలో జరిగినవే రాయాలి, తారీఖు కలవాలి. పురిట్లో పోయిన పిల్లాడని రాసి మమ్మల్ని ఏడిపించొద్దు, పైకి కనపడే ఆ అర్థాన్ని తప్పించడమే ఇక్కడ పని.

భీమారం రొయ్య:
మాస్టారూ మొదట్లోనే ఓ డౌటు, పాదం మొదట్లో పు, నాలుగో గణం మొదట్లో గి, ఈ రెంటికీ యతి ఎక్కడ కుదిరిందండి, మీరే ఇలా ఇచ్చేస్తే రేపు మేం తప్పు రాస్తే తిట్టకూడదు మరి

రేవు మాస్టారు:
ఆయ్, అది ప్రాసయతి బాబూ, ఆటవెలదిలో చెల్లుతుంది. మొదటక్షరాలు కలవక్కర్లేదు, రెండో అక్షరం కలిస్తే చాలు. పుట్టి, గిట్టె, ట్టకి ట్ట. చెరువు గట్టు మీద ఏరేటర్లు చూసుకోకుండా గణాలు లెక్కెడుతున్నావని మీ నాన్నగారికి తెలుసా?

లంక రైతు:
గోదారికి ఎర్రనీరు వచ్చేసిందండి, లంకలో పని లేదు, ఇంట్లో కూర్చోబెడితే ఇదిగో ఇలాంటివే వస్తాయి.

పత్రమొకటి వ్రాసి ప్రభువుల నెదిరించి
దేశ మొకటి నిలిపె ధీరుడొకడు
నిలిచి యేబదేండ్లు నిండగా నాజాతి
పుట్టినట్టి నాడె గిట్టె నతడు

జెఫర్సన్ అండి. 1776లో అమెరికా ప్రకటన రాసేనాటికి ఆయనకి 33 ఏళ్ళు. 1826 జులై 4, అంటే సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజు మధ్యాహ్నం పోయాడు. చిత్రం ఏంటంటే ఆయనకి ముందు ప్రెసిడెంటు చేసిన జాన్ ఆడమ్స్ కూడా అదే రోజు సాయంత్రం పోయాడు, 90 ఏళ్ళు. ఇద్దరూ స్నేహితులు, తర్వాత మాటల్లేని పగ, ముసలితనంలో మళ్ళీ ఉత్తరాలు. "జెఫర్సన్ ఇంకా ఉన్నాడు" అంటూ పోయాడంటారు ఆడమ్స్, జెఫర్సన్ పోయి అప్పటికి కొన్ని గంటలైంది, కబురందే దారి లేదు పాపం. మరో ఐదేళ్ళకి మన్రో, ఆయనా ప్రెసిడెంటే, ఆయనా జులై 4నే.

రేవు మాస్టారు:
బాగుందండి. "ఆ జాతి పుట్టినట్టి నాడె" అని విరిచారు చూశారా, పుట్టింది ఒకరు, గిట్టింది ఇంకొకరు, సమస్య అక్కడే తేలిపోయింది. దే, ధీ యతి చక్కగా ఉంది. కాపోతే పత్రమొకటి, దేశమొకటి, ధీరుడొకడు, ఇదేంటండీ రావులపాలెం మార్కెట్లో గెలలు లెక్కపెట్టినట్టు! రెండో పాదం "దేశమును నిలిపెను ధీరుడొకడు" అంటే గణాలకి ఢోకా లేదు.

లంక రైతు:
గణాలకి లేదు గానీ నోటికి అడ్డం పడుతోందండి. నాకు నా గెలలే బాగున్నాయి.

పూతరేకు (ఆత్రేయపురం):
పద్యం సంగతి సరే, ఆ దేశం జులై 4నే పుట్టిందని ఎవరు చెప్పారండీ మీకు? విడిపోదాం అని ఓటేసుకుంది 2వ తారీఖున, ఆ కాగితం ఒప్పుకున్నది 4న, ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. పండగ జులై 2నే జరుగుతుందని ఆడమ్స్ గారే పెళ్ళానికి ఉత్తరం కూడా రాశాడు. మనదీ అదే వరస, మన స్వాతంత్ర్యం బిల్లు లండన్ పార్లమెంటులో పెట్టింది 1947 జులై 4న (ఇదీ మీ ఖాతాలో వేసుకోండి మాస్టారూ), రాజుగారు సరే అన్నది 18న, మనం జెండా ఎగరేసింది ఆగస్టు 15న. నొప్పులొచ్చిన రోజు లెక్కా, బొడ్డు కోసిన రోజు లెక్కా, బారసాల రోజు లెక్కా?

లంక రైతు:
బొడ్డు కోసిన రోజేనండి, దానికేం డౌటు

పూతరేకు:
అయితే సంతకాల రోజు తీసుకోండి, ఆగస్టు 2. ఆ తారీఖున ఎవరు పుట్టారో తెలుసా, పింగళివారే, 1876లో. ఆ సంతకాలకి సరిగ్గా నూరేళ్ళు. సంతకాల తారీఖున పుట్టి ప్రకటన తారీఖున పోయారాయన. ఆయన పుట్టిన భట్లపెనుమర్రుకీ ఆ సంతకాలు పెట్టిన ఫిలడెల్ఫియాకీ ఏం చుట్టరికం చెప్పండి, నేనైతే మొన్న ఇది చూసి రెండుసార్లు లెక్కేసుకున్నా.

నరసాపురం లేసు:
అక్కయ్యగారు నా పద్యం లాగేసుకున్నారు, నేనూ పింగళివారి మీదే రాసి పెట్టుకున్నా. అల్లూరి కొన్నాళ్ళు మా ఊరి టైలర్ హైస్కూల్లో చదివారు కాబట్టి ఆయన పుట్టినరోజు మీద మొదటి హక్కు మాది

మూడు రంగు లద్ది ముద్దుగా జెండాను
గాంధి చేతి కిచ్చె ఘనుడు తొల్లి
మన్నెమునకు వెలుగు మన రామరాజన్న
పుట్టినట్టి నాడె గిట్టె నతడు

రేవు మాస్టారు:
మూడో పాదం చదివి ఒక్క నిమిషం ఆగానమ్మా. "మన్నెమునకు వెలుగు" చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. కానీ మొదటి పాదం చరిత్రకి అడ్డం తిరిగింది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభలప్పుడు వెంకయ్యగారు పట్టుకొచ్చిన దాంట్లో ఎరుపూ ఆకుపచ్చా రెండే రంగులు. తెలుపు కూడా వెయ్యమన్నది గాంధీగారు, అది తర్వాత సంగతి. అశోక చక్రం జెండా అయితే 1947 జులై 22న గానీ రాలేదు. అందుకని ఇలా మార్చుకో:

రెండు రంగు లద్ది రీతిగా జెండాను

రె, రీ యతి సరిపోతుంది.

నరసాపురం లేసు:
సరిపోయింది గానీ ముద్దు పోయింది మాస్టారూ. సరే మార్చేశా, తప్పు తప్పే.

కాకినాడ కాజా:
అసలు ఈ సమస్యకి విరుపులూ గిరుపులూ ఎందుకండీ, అచ్చంగా సరిపోయేవాడు షేక్‌స్పియర్ ఉన్నాడుగా, పుట్టిందీ పోయిందీ ఏప్రిల్ 23నే అంటారు. అదే తారీఖున అదే 1616లో స్పెయిన్‌లో సెర్వాంటెస్ కూడా పోయాడని రాస్తారు

పూతరేకు:
అంటారు, రాస్తారు. షేక్‌స్పియర్‌కి జ్ఞానస్నానం చేయించిన తారీఖు ఏప్రిల్ 26 అని చర్చి పుస్తకంలో ఉంది, పుట్టిన తారీఖు ఏ పుస్తకంలోనూ లేదు. ఇక ఇద్దరూ ఒకే రోజు పోవడం అంటారా, అప్పటికి స్పెయిన్ కొత్త క్యాలెండరుకి మారిపోయింది, ఇంగ్లండు పాతదే పట్టుకుని కూర్చుంది, రెంటికీ పది రోజులు తేడా. అంకె ఒకటే అనుకున్నా, రోజులు వేరు.

కాకినాడ కాజా:
మీ ఇంట్లో పాలవాడు ఎలా బతుకుతున్నాడండీ 🙏 సరే మేడమ్ క్యూరీ, 1934 జులై 4. "గిట్టె నామె" అనొచ్చా? గణం కూడా సరిపోయింది చూసుకున్నా

రేవు మాస్టారు:
గణం సరిపోతే మాత్రం ఇచ్చిన పాదం మార్చేస్తారటయ్యా, వియ్యపురాలు నచ్చలేదని పెళ్ళికూతుర్ని మార్చినట్టుంది.

కాకినాడ కాజా:
అయితే ఇది తీసుకోండి.

సోదరులని పిలిచి సొంత వారిని జేసి
పరుల దేశమందు పరిమళించి
మునుపు తన్ను మెచ్చి మ్రొక్కిన యమెరికా
పుట్టినట్టి నాడె గిట్టె నతడు

వివేకానందుడు. 1893లో చికాగో, 1902లో బేలూరు మఠంలో వెళ్ళిపోయాడు, 39 ఏళ్ళు.

రేవు మాస్టారు:
ఇప్పటిదాకా వచ్చిన వాటిల్లో నాకు ఇదే పైన. మిగతా వాటిల్లో తారీఖు కలిసింది అంతే, ఇందులో ఆ దేశానికీ ఆయనకీ పాత బాకీ ఏదో ఉన్నట్టుంది. పరిమళించి అన్న మాట ఎక్కడ దొరికిందయ్యా నీకు.

నరసాపురం లేసు:
ఆయన సోదరీమణులని ముందు పిలిచాడండి, సోదరులు తర్వాత. పద్యంలోకి వచ్చేసరికి ఆడవాళ్ళు ఎగిరిపోయారు 😀

భీమారం రొయ్య:
ఇప్పుడు నాది. తిట్టకండి

అరుణగ్రహము మీద అడుగు పెట్టెను నౌక

మిగతా మూడు పాదాలు చూస్తున్నా. 1997 జులై 4న పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది, అల్లూరి పుట్టి ఆ రోజుకి సరిగ్గా నూరేళ్ళు! 2012లో హిగ్స్ కణం ప్రకటన కూడా ఇదే తారీఖు కానీ దాన్ని ఆటవెలదిలో ఇరికించడం నా వల్ల కాలేదు

రేవు మాస్టారు:
తిట్టడం లేదు, నిదానంగా విను. "అరుణగ్రహము" సమాసం, గ్ర వెనకాల తగలగానే ణ గురువైపోయింది. మూడు లఘువులు అనుకున్నావు, రెండు లఘువులూ ఓ గురువూ వచ్చాయి, సూర్యగణం చచ్చింది. "అరుణ గోళమందు నడుగు పెట్టెను నౌక" అను, పాదం నిలబడుతుంది. "నడుగు"లో ఉన్నది అడుగే కాబట్టి అకారానికి యతి. అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ గిట్టిందెవరు?

భీమారం రొయ్య:
అదేనండి ఎవరూ గిట్టట్లేదు 😭

లంక రైతు:
బాబాయ్, మీ ఊళ్ళో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టుకుని అంగారకుడి మీదకి ఎందుకెళ్ళావు, 2022లో అదే జులై 4న ప్రధాని వచ్చి ఆవిష్కరించింది దాన్నేగా

భీమారం రొయ్య:
ఆ రోజు నేను బైపాసులో ఐసు లారీతో నాలుగు గంటలు ఇరుక్కుపోయానండి, విగ్రహం అంటే నాకు లారీ లోంచి కారిన నీళ్ళే గుర్తొస్తాయి. ఆగండి, ఇంకోటి తట్టింది.

(రెండు గంటల తర్వాత)

చెట్టునకును గట్టి సీమ దండు తుపాకి
పేల్చినంత నొరిగె పెద్దపులియె
జనగణమన పాట జాతి కిచ్చిన కవి
పుట్టినట్టి నాడె గిట్టె నతడు

జులై 4 కాదండి, మే 7. రవీంద్రుడు పుట్టింది 1861 మే 7. కొయ్యూరులో అల్లూరిని కాల్చేసింది 1924 మే 7.

నరసాపురం లేసు:
చె కి సీ కి యతి ఏంటండీ, అందరూ ఏమీ అనరేం

రేవు మాస్టారు:
చెల్లుతుందమ్మా, చజలకీ శషసలకీ మైత్రి ఉంది. "చెట్టునకును"లో ఆ చివరి "ను" ఒట్టి అతుకు, అది వాడికీ తెలుసు, పోనీ. పొద్దున్న గురువు లఘువు తేడా తెలీనివాడు "జాతి కిచ్చిన కవి"లో గణం మాట మధ్యలోంచి విరిచి నడిపించాడు, అది చూడండి. పైగా ఒకరి పద్యంలో అల్లూరి పుట్టుక, ఇంకొకరి పద్యంలో ఆయన చావు, రెండూ ఒకే పాదం మీదకొచ్చి వాలాయి. నేను సమస్య ఇచ్చినప్పుడు ఇది అనుకోలేదు.

పూతరేకు:
పద్యం నాకూ నచ్చింది, అందుకే చెప్పడానికి నోరు రావట్లేదు. బెంగాలీ వాళ్ళు ఠాగూరు పుట్టినరోజు మే 7న చెయ్యరు. వాళ్ళ పంచాంగంలో వైశాఖం 25, మన తారీఖుల్లో 8నో 9నో పడుతుంది. వాళ్ళ ఊరెళ్ళి ఈ పద్యం చదివితే ఏ రోజు గిట్టాడు ఏ రోజు పుట్టాడు అని అడుగుతారు.

లంక రైతు:
ఆమాటకొస్తే మనం మాత్రం? మా నాన్న పోయింది నవంబరులో, తద్దినం ఓ ఏడు అక్టోబరు చివర పడుద్ది, ఓ ఏడు నవంబరు నడిమికి పోద్ది. ఫోన్లో మాత్రం ఏటా అదే తారీఖున ఫొటో పైకొస్తది. తిథి రోజు బ్రాహ్మడొస్తాడు, తారీఖు రోజు మా చెల్లి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి ఏడుస్తది. నాకు రెండుసార్లు పోయినట్టుంటుందండి.

పూతరేకు:
మీరిలా అన్నాక ఇది పెట్టాలా వద్దా అని చూశా. మా అత్తగారి గదిలో రోజుకో కాగితం చింపే క్యాలెండరుంది, చింపిన కాగితం వెనకాల పాల లెక్క రాసి డబ్బా కింద పెడతారు. పొద్దుణ్ణుంచీ దాన్నే చూస్తున్నా.

గోడ మీద వ్రేలు కొత్త కాగితమొండు
తెల్లవార నిలిచి తేది జూపి
చించివేయ నెగిరె జీవుడై రాతిరి
పుట్టినట్టి నాడె గిట్టె నతడు

రేవు మాస్టారు:
అమ్మా, చరిత్రలో జరిగినవే అని రూలు పెట్టింది నేనే, ఇప్పుడు దాన్ని పక్కన పెడుతున్నదీ నేనే. అయినా అడగాలి కాబట్టి అడుగుతున్నా, కాగితానికి "అతడు" ఏంటి?

పూతరేకు:
జీవుడై అన్నా కదండీ, జీవుడు మగాడేగా మీ వ్యాకరణంలో.

లంక రైతు:
మా ఇంట్లో రాత్రిపూట చింపనివ్వరండి, అరిష్టం అంటది మా అమ్మ. తెల్లారగట్ట లేచి చింపుద్ది.

పూతరేకు:
రాతిరి తీసేసి వేకువ పెట్టుకోండి, "జీవుడై వేకువ", గణం అదే.

భీమారం రొయ్య:
దొరికారండి అక్కయ్యగారు!! వేకువ అంటే తారీఖు మారిపోయింది కదా, పుట్టినట్టి నాడె ఎలా అవుద్ది, మర్నాడు గిట్టినట్టు

పూతరేకు:
పన్నెండింటికి రోజు మారేది నీ ఫోన్లో బాబూ. పంచాంగంలో పొద్దు పొడిచేదాకా నిన్నే.

రేవు మాస్టారు:
చెల్లింది. వచ్చే వారం కందం, ఎవరూ పెళ్ళిళ్ళు పెట్టుకోకండి.