ఆరడుగుల అక్వేరియానికి పాత టేకుతో స్టాండ్, పైన కానోపీ: చేయించినవాళ్లు కాస్త చెప్పండి

ఓరుగల్లు తొట్టి:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుతో 12 ఎంఎం గాజు తొట్టి ఒకటి చేయించాను. ఇప్పుడున్న నాలుగడుగుల దాంట్లో సిల్వర్ అరోవానా బాగా పెరిగిపోయింది, వెనక్కి తిరిగిన ప్రతిసారీ తోక గాజుకు రాసుకుంటోంది, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. షాపులో ఇనప యాంగిల్ స్టాండ్ తీసుకోమంటున్నారు కానీ నాకు చెక్కదే కావాలి. ఎందుకంటే ఊళ్లో మా తాతగారి పెంకుటిల్లు పోయినేడాది విప్పేశారు, దాని టేకు దూలాలు, వాసాలు పెద్దనాన్న వాళ్ల కొట్టంలో పడి ఉన్నాయి. అడిగితే "పొయ్యిలోకి పోయేకంటే నీ చేపల కిందికి పోనీరా" అన్నారు.
ఇల్లు మొదటి అంతస్తు. మొత్తం బరువు ఎంతవుతుంది, కాళ్లు ఎన్ని పెట్టాలి, పాత చెక్క పనికొస్తుందా, పైన కానోపీ, అదే తొట్టి మీద లైట్లు దాచే చెక్క పెట్టె, దేనితో చేయించాలి? ఇంతకుముందు చేయించినవాళ్లు అనుభవం చెప్పండి.

రంపంపొట్టు:
తమ్ముడూ, మాది వడ్రంగం ఇల్లే. పాత ఇంటి టేకు దొరకడం నీ అదృష్టం. ఇప్పుడు డిపోలో దొరికే చెక్క చాలాసార్లు పూర్తిగా ఆరదు, స్టాండ్ చేసిన ఆరు నెలలకు మెలి తిరుగుతుంది. ఏళ్ల తరబడి కప్పు కింద ఆరిన దూలం ఇక కదలాల్సినదంతా ఎప్పుడో కదిలేసి ఉంటుంది. కానీ సామిల్లుకు తీసుకెళ్లే ముందు మేకులు వెతికి పీకించు, లేకపోతే బ్లేడు పోతుంది, కోసేవాడికి ప్రమాదం కూడా. గోడలో దూరి ఉన్న చివరలు ఒక్కో అడుగు కోసి పారేయి, చెద ఉంటే అక్కడే ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు, మెత్తగా దిగితే ఆ ముక్క వద్దు.
ఇక అసలు సంగతి. బరువు చెక్క మీద పడాలి, స్క్రూల మీద కాదు. చాలామంది కార్పెంటర్లు కాళ్లు నిలబెట్టి పై పట్టీని పక్క నుంచి ఆనించి స్క్రూలు కొట్టేస్తారు, చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ బరువంతా ఆ నాలుగు స్క్రూలకు వేలాడుతున్నట్టే. పై పట్టీ కాలి నెత్తిన కూర్చోవాలి, లేదా కాలికి గాడి కొట్టి పట్టీని అందులో దింపాలి. అప్పుడు స్క్రూ పని చెక్కను పక్కకు జరగకుండా పట్టుకోవడం వరకే. ఫెవికాల్ మెరైన్ వాడు, మామూలు తెల్ల ఫెవికాల్ తడికి ఆగదు.

కృష్ణలంక:
బరువు లెక్క నేను చెప్తాను. 6×2×2 అంటే 24 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, అంటే అంచు దాకా నింపితే 680 లీటర్లు. లీటరు నీళ్లు కిలో. 12 ఎంఎం గాజు చదరపు మీటరుకు 30 కిలోలు, మీ తొట్టి అడుగు, నాలుగు గోడలు కలిపి 44 చదరపుటడుగులు, అంటే 120 కిలోల పైన. ఇసుక, రాళ్లు ఒక 80 వేసుకోండి, స్టాండు, కానోపీ కలిపి మరో 100. మొత్తం టన్నుకు కొంచెం తక్కువ.
మన ఇళ్ల శ్లాబు డిజైన్ చేసేటప్పుడు గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) లెక్క వేస్తారు. మీ తొట్టి కింద ఉన్న చోటు 1.1 చదరపు మీటరు. అంటే శ్లాబు పడిపోతుందని కాదు, ఆ 200 గది మొత్తానికీ వేసిన లెక్క. కానీ గది మధ్యలో మాత్రం పెట్టకండి. కింద బీమ్ వెళ్లే గోడ చూసి దాని వారగా, వీలైతే పిల్లర్ దగ్గరగా పెట్టండి. ఇల్లు కట్టిన ఇంజనీరు దొరికితే ప్లాన్ చూపించి ఒక మాట అడగండి, కింద అంతస్తులో మనుషులు పడుకుంటారు కదా.

డాలస్ చేపలు:
మాది గుంటూరు, ఇప్పుడు ఉండేది డాలస్. ఇక్కడ నా 125 గ్యాలన్ల తొట్టికి స్టాండ్ నేనే చేసుకున్నాను. ఇక్కడ టూ బై ఫోర్ కర్రలు ఆరబెట్టి, కొలతకు కోసి అమ్ముతారు, పేరుకే టూ బై ఫోర్, కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే. నాకు తెలియక రెండంగుళాల లెక్కతో గీసుకుని మొదటి ఫ్రేమ్ మళ్లీ కోయాల్సొచ్చింది.
ఇంకో తేడా, ఇక్కడ పై అంతస్తు నేల చెక్క దూలాల మీద ఉంటుంది కాబట్టి తొట్టిని దూలాలకు అడ్డంగా పెట్టాలి, బరువు నాలుగైదు దూలాల మీదకు పంచుకుపోతుంది. మీకు ఆ బాధ లేదు. కానీ ఒకటి గమనించండి: ఇక్కడ తొట్లకు కింద ప్లాస్టిక్ అంచు ఉంటుంది, బరువంతా ఆ అంచు మీదే దిగుతుంది, దాని కింద ఫోమ్ వేయకూడదు. మన దగ్గర చేయించేవాటికి అంచు ఉండదు, అడుగు గాజు మొత్తం చెక్కకు ఆనుతుంది. మీది అదే కాబట్టి పైన 18 ఎంఎం ప్లైవుడ్ పరిచి, దాని మీద థర్మాకోల్ షీట్ లేదా ఫోమ్ తప్పకుండా వేయండి. ఇసుక రేణువు ఒక్కటి గాజుకూ ప్లైకూ మధ్య ఇరుక్కున్నా ఇంత బరువు దాని మీద నిలబడుతుంది.

నీటిమొక్క:
మొక్కల తొట్టి నాది, నాలుగున్నర అడుగులు, ఇల్లు కూకట్‌పల్లి. నేను పడిన కష్టం మీరు పడకూడదని రాస్తున్నా. కార్పెంటర్ నా మాట విని మధ్యలో మంచి లావు కాలు పెట్టాడు, రెండు వైపులా రెండు తలుపులు. తొట్టి ఎక్కించి, నీళ్లు నింపి, సంప్ (స్టాండ్ లోపల పెట్టే ఫిల్టర్ తొట్టి) లోపల పెడదామని చూస్తే మూడడుగుల సంప్ ఏ తలుపులోంచీ దూరదు! 400 లీటర్ల నీళ్లు తోడి, ఆరుగురిని పిలిచి తొట్టి దింపి, పైనుంచి సంప్ దించి మళ్లీ అంతా ఎక్కించాం. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ. సంప్ పెట్టే ఆలోచన ఉంటే మధ్య కాలు వెనక వైపు మాత్రమే పెట్టించి, ముందు వైపు పై పట్టీని మందంగా చేయించండి, లేదా ముందు కాలు బోల్టులతో విప్పేలా చేయించండి. సంప్ పైన కూడా చెయ్యి దూరేంత ఖాళీ ఉండాలి, ఫిల్టర్ గుడ్డ తీసి కడగాలి కదా.
ఇంకొకటి, ప్లైవుడ్ అంటే ఏదో ఒకటి కాదు. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉండేది మెరైన్ రకం, బీడబ్ల్యూపీ అంటారు. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఎంత అందమైన సన్‌మైకా అతికించినా సరే వద్దు. నా పాత స్టాండ్ తలుపు ఎండీఎఫే, కింది అంచు నీళ్లు తాగి బ్రెడ్డు ముక్కలా ఉబ్బి, వేలితో నొక్కితే పొడి రాలేది.

సాగరతీరం:
విశాఖ. ఉప్పునీళ్ల తొట్టి పెట్టి చాలా ఏళ్లయింది. కానోపీ గురించి నేను చెప్తా, ఎందుకంటే మొదటిది పాడుచేసుకున్నవాణ్ని. కానోపీకి నీళ్లకంటే ఆవిరే ఎక్కువ శత్రువు. మొదటిది నాలుగువైపులా బిగించి, అందంగా పెట్టెలా చేయించాను. రాత్రి లైట్లు తీసేశాక పైన చల్లబడి మూత లోపల చుక్కలు చుక్కలుగా నీళ్లు పట్టేవి, పొద్దున తెరిస్తే మడతబందుల నుంచి తుప్పునీళ్లు గాజు మీదకు కారుతూ కనపడేవి. ఏడాదిన్నరకు ప్లై పొరలు విడిపోయాయి.
రెండోసారి వెనక పలక పూర్తిగా తీసేశాను, పక్కల్లో రెండు చిన్న ఫ్యాన్లు, ఒకటి గాలి లోపలికి, ఒకటి బయటికి. స్క్రూలు, మడతబందులు అన్నీ 304 స్టీలు. లోపల తెల్ల ఎపాక్సీ పెయింటు రెండు పూతలు, చెక్క కోసిన అంచులకు మూడు, నీళ్లు ముందు తాగేది అంచే. తెలుపు వల్ల వెలుతురు కూడా కిందికి బాగా పడుతుంది. ఇప్పటికీ చెక్కుచెదరలేదు.
మీ వరంగల్ ఎండలకు ఈ ఫ్యాన్లు ఇంకా అవసరం. మూసిన కానోపీ కింద మే నెలలో నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గిపోతుంది. నీటి మీదుగా గాలి ఆడితే ఆవిరై చల్లబడుతుంది, కాకపోతే రోజూ కాస్త నీళ్లు పోస్తూ ఉండాలి.

ఓరుగల్లు తొట్టి:
ఒక్కో మాటా రాసి పెట్టుకుంటున్నా, అందరికీ చాలా థాంక్స్. వెనక పలక తీసేస్తే అరోవానా దూకదా? దాని గురించే నాకు టెన్షన్.

కృష్ణలంక:
దూకుతుంది. అమెజాన్ అడవుల్లో నీటిపై వాలిన కొమ్మల మీది పురుగుల్ని ఎగిరి పట్టుకునే చేప అది, చిన్న సందు చాలు. కానోపీ వేరు, మూత వేరు అనుకోండి. తొట్టి మీద నేరుగా గాజు మూతో, గట్టి ఫ్రేమ్‌కు బిగించిన జాలీయో ఉండాలి, కానోపీ దాని పైన అందానికి, లైట్లకు. నాదైతే పాలీకార్బొనేట్ షీటు, మూలల్లో పైపులకు కోసిన సందులకు కూడా జాలీ అతికించాను. పెద్ద అరోవానా తలతో కొట్టిందంటే తేలిక మూత ఎగిరిపోతుంది, క్లిప్పులు పెట్టండి. మరో మాట, సిల్వర్ అరోవానా రెండున్నర అడుగులు దాటి పెరుగుతుంది, రెండడుగుల వెడల్పు దానికి ముందు ముందు ఇరుకే. ఈ తొట్టి ఎలాగూ అయిపోయింది కాబట్టి దాంతో వేరే పెద్ద చేపల్ని కలపకండి.

రంపంపొట్టు:
కొలతలు. కాళ్లు మూడున్నర అంగుళాల చదరం, ముందు మూడు, వెనక మూడు. సంప్ పెడితే అక్క చెప్పినట్టు ముందు మధ్య కాలు బోల్టులతో. పై పట్టీలు రెండు బై నాలుగు అంగుళాలు, నాలుగంగుళాల వైపు నిలువుగా ఉండాలి, పడుకోబెడితే వంగుతుంది. ప్రతి అడుగుంపావుకూ ముందు నుంచి వెనక్కి ఒక అడ్డ చెక్క. టేకు మోయలేక ఎప్పుడూ విరగదు, స్టాండ్లు పోయేది పక్కకు ఊగి. అందుకే వెనకా, రెండు పక్కలా 12 ఎంఎం ప్లై ఫ్రేముకు బిగించు, ఇక ఊగదు. పైపులకు రంధ్రాలు ముందే కొట్టించుకో.
నేల మీద నేరుగా కాళ్లు పెట్టకు. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతారు, కాలి అడుగు ఆ తడంతా పీల్చుకుంటుంది. ప్రతి కాలి కిందా సమానంగా కోసిన గ్రానైట్ ముక్క వెయ్యి, తేడా ఉంటే అక్కడే సరిచెయ్యొచ్చు. రసమట్టం పొడవు వైపు, వెడల్పు వైపు, మూల నుంచి మూలకు కూడా పెట్టి చూడు. గాజు మూల ఒకటి కాస్త తేలి ఉన్నా సిలికాన్ అతుకు మీద ఒత్తిడి పడుతుంది.

నీటిమొక్క:
కరెంటు గురించి ఎవరూ అనలేదు. స్విచ్ బోర్డు తొట్టి కింద కాకుండా పక్క గోడకు, ఎత్తులో పెట్టించండి. ప్రతి వైరూ ప్లగ్గుకు వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఒకటి ఆ లైనుకు తప్పనిసరి. చెయ్యి నీళ్లలో ఉండగా హీటర్ గాజు పగిలితే ప్రాణాలు నిలబెట్టేది అదే.
ఇంకా, పాలిష్ వేశాక తొందరపడకండి. మా పక్కింటివాళ్లు పాలిష్ వేసిన రెండో రోజే కానోపీ బిగించి, ఏర్ పంపు అందులోనే పెట్టారు. పంపు ఆ థిన్నర్ వాసన గాలినే లాగి నీళ్లలోకి కొట్టింది. తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, రెండు ఏంజెల్స్ పోయాయి. కనీసం రెండు వారాలు బయట గాలికి ఆరనివ్వండి, ముక్కు దగ్గర పెట్టి చూస్తే వాసనే రాకూడదు.

ఓరుగల్లు తొట్టి:
ఏడు వారాల తర్వాత వస్తున్నా. దూలాల్లో మొత్తం 43 మేకులు వచ్చాయి, చేత్తో కొట్టిన పాతకాలం మేకులు, చదరపు మొనవి. ఒక చివర చెద ఉంది, చెప్పినట్టే కోసేశాం. సామిల్లులో కోస్తుంటే పైన పొగచూరిన నల్లటి పొర పోయి లోపల బంగారు రంగు చెక్క బయటపడింది, ఆ వాసనకు పెద్దనాన్న కాసేపు మాట్లాడలేదు. పై పట్టీ కాలి నెత్తిన కూర్చునేలా దగ్గరుండి చేయించాను, కార్పెంటర్ మొదట "ఇంత అవసరమా సార్" అన్నాడు కానీ మీ లెక్క చూపిస్తే ఒప్పుకున్నాడు. కానోపీకి టేకు ఫ్రేము, 9 ఎంఎం మెరైన్ ప్లై, వెనక ఖాళీ, రెండు ఫ్యాన్లు, పాలిష్ పద్దెనిమిది రోజులు మేడ మీద ఆరింది.
మొన్న ఆదివారం సగం నింపి ఒక రాత్రి వదిలేశాను. తర్వాత దాదాపు అంచు దాకా. రెండు చివరలా పై అంచు నుంచి నీటి మట్టం స్కేలుతో కొలిస్తే ఎడమ వైపు 42 ఎంఎం, కుడి వైపు 44. ఇది ఫర్వాలేదా, నీళ్లు తోడి మళ్లీ సరిచేయాలా?

రంపంపొట్టు:
ఆరడుగులకు 2 ఎంఎం ఏమీ కాదు, వదిలెయ్. వారం తర్వాత మళ్లీ అక్కడే కొలువు. తేడా పెరగకుండా అంతే ఉంటే స్టాండ్ కుదురుకున్నట్టే. పెరిగితే మాత్రం చేప వెయ్యకుండా ఇక్కడ చెప్పు.

ఓరుగల్లు తొట్టి:
ఇవాళ కొలిచాను అన్నా. 42, 44. పాత తొట్టి ఫిల్టర్ తెచ్చి ఇందులో పెట్టి నడిపిస్తున్నా, అమ్మోనియా టెస్టు రెండు రోజులుగా సున్నా. సాయంత్రం లైట్లు తగ్గించి అరోవానాను మార్చాం. ఒక మూల నుంచి రెండో మూలకు నిదానంగా వెళ్లింది, అక్కడ వెనక్కి తిరిగింది, తోక గాజుకు తగల్లేదు.