మూడు రోజుల విశాఖ యాత్రలో ఒక రోజు అరకుకు ఇవ్వాలా?

పానగల్ కట్ట (నల్లగొండ):

వేసవి సెలవుల్లో, మే రెండో వారంలో, మా అమ్మను, ఇద్దరు పిల్లలను తీసుకొని విశాఖపట్నం వెళ్లాలని అనుకుంటున్నాము. రానూపోనూ ప్రయాణం పోగా అక్కడ ఉండేది మూడు రోజులే. అరకు చూడకుండా తిరిగి వస్తే విశాఖ చూసినట్టే కాదని బంధువుల్లో సగం మంది అంటున్నారు. ఒక రోజంతా రైల్లోనూ ఘాట్ రోడ్డులోనూ గడిపితే ఇక సముద్రం ఎప్పుడు చూస్తారని మిగతావారు అడుగుతున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పిల్లలు ఇంతవరకు సముద్రం చూడలేదు. అక్కడే పుట్టి పెరిగినవారు ఈ వేదికలో ఉంటే వారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

నల్లగొండ కోడలు:

నేను పుట్టి పెరిగింది విశాఖ పాతనగరంలో. పెళ్లయ్యాక నల్లగొండకు వచ్చాను. నా జవాబు సూటిగానే చెబుతాను: మే నెలలో, చేతిలో మూడు రోజులే ఉన్నప్పుడు, పెద్దావిడను వెంటబెట్టుకొని అరకుకు వెళ్లవద్దు. అరకు లోయ బాగుండదని నేను అనడం లేదు. లోయంతా వలిసె పూలతో పసుపుపచ్చగా మారేది చలికాలం మొదట్లో. మీరు మేలో వెళితే ఆ పూలు ఉండవు, వానలు ఇంకా పడలేదు గనుక జలపాతాల్లోనూ పెద్దగా నీరు ఉండదు. ఫోటోల్లో చూసిన అరకును వెతుక్కుంటూ ఒక రోజును ఖర్చు చేయడం అవుతుంది.

విశాఖలో వేసవి రోజును రెండు ముక్కలుగా వాడుకోవాలి. మొదటిది తెల్లవారకముందే మొదలై ఎనిమిది గంటలకల్లా అయిపోతుంది. రెండోది సాయంత్రం ఐదు దాటాక మొదలవుతుంది. మధ్యలో గదిలో పడుకోవడం మేలు. మన నల్లగొండలో ఎండ 42 డిగ్రీలు దాటినా చెమట ఒంటి మీదే ఆరిపోతుంది. అక్కడ 35 డిగ్రీలకే ఒళ్లు తడిసి, చొక్కా వీపుకు అంటుకుపోతుంది. ఈ తేడా తెలియక మిట్టమధ్యాహ్నం బీచ్‌లో దిగి, పిల్లలు వాడిపోయాక ఊరిని తిట్టుకుంటూ తిరిగొచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

మేలో అక్కడ ఐదున్నర లోపే పొద్దు పొడుస్తుంది. అప్పటికి మీరు ఆర్.కె. బీచ్ రోడ్డు మీద ఉండాలి. ఆ వేళ నడిచేవారి కోసం ఆ రోడ్డు మీద వాహనాలను ఆపుతారు కాబట్టి పిల్లల చెయ్యి వదిలేసినా భయం ఉండదు, అమ్మగారు గోడ మీద కూర్చొని సముద్రాన్ని చూడవచ్చు. తరువాత నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు, పాతనగరంలోని రాస్ హిల్. పక్కపక్కనే మూడు కొండలుంటాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంటుంది, ఆ కొండకూ వీటికీ నడుమనున్న ఇరుకు దారిలోంచే ఓడలు లోపలి రేవుకు వస్తాయి. 1933లో ప్రారంభమైన ఓడరేవు అది. పెద్ద ఓడను టగ్గు పడవలు పట్టుకొని మెల్లగా లోపలికి తెస్తుంటే, కొండ మీద నిలబడినవారికి ఓడ మీద నడిచే మనుషులు కూడా కనిపిస్తారు. సముద్రం ఎరుగని పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? బీచ్ ఏ తీరంలోనైనా ఉంటుంది, ఓడ ఇంత దగ్గరగా ఊళ్లోకి రావడం అన్నిచోట్లా చూడలేరు.

సాయంత్రం కైలాసగిరి ఎక్కితే తీరం వంపు అంతా కనిపిస్తుంది, రోప్‌వే ఉంది కనుక అమ్మగారికి ఇబ్బంది లేదు. దిగాక బీచ్ రోడ్డులో మూరీ మిక్చర్ తినండి. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్లు, కారం, నిమ్మరసం వేసి, డబ్బాలో గడగడా కలిపి పొట్లంలో పోసిస్తారు. వెంటనే తినాలి, ఐదు నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది.

మిర్యాలగూడ రైలు:

కోడలు గారి మీద గౌరవం ఉంచుతూనే, ఆమె మాటతో నేను విభేదిస్తున్నాను. పుట్టిన ఊరి మీది మమకారంతో ఆమె అరకును పూల తోటగా మాత్రమే లెక్కగట్టారు. అరకు యాత్రలో అసలు చూడవలసింది దారి. కొత్తవలస నుంచి కిరందుల్ దాకా వెళ్లే ఆ రైలు మార్గాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. తూర్పు కనుమలను తొలుచుకుంటూ, సొరంగం తరువాత సొరంగం దాటుతూ రైలు పైకి ఎక్కుతుంటే, కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు ఒక్కో సొరంగాన్ని లెక్కపెట్టుకుంటూ పోతాడు. 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. మనది బీబీనగర్–నడికుడి మార్గం, ఎంత వెళ్లినా చదును నేల, వరి పొలాలు, సిమెంటు కర్మాగారాలు. మన పిల్లలకు కొండ రైలు ఎక్కడ దొరుకుతుంది?

పైగా బొర్రా గుహలకు కాలంతో పని లేదు. సున్నపురాయిని నీరు లక్షల ఏళ్లపాటు కరిగించి చేసిన గుహలవి, మే నెలలోనూ లోపల చల్లగానే ఉంటాయి. సముద్రాన్ని రెండు రోజులు చూస్తే చాలు.

పాలమూరు బాటసారి:

ఇద్దరూ విశాఖను ఖాయం చేసుకొని వాదిస్తున్నారు. నా ప్రశ్న అంతకంటే ముందుది. పిల్లలకు సముద్రం చూపించడమే ఉద్దేశమైతే నల్లగొండవారు గుంటూరు మీదుగా బాపట్ల చేరి, సూర్యలంక తీరంలో రెండు రోజులు ఉండి రావచ్చు. ఖర్చు తక్కువ, అలసట తక్కువ, తీరం లోతు లేకుండా చాలా దూరం చదునుగా ఉంటుంది, పిల్లలు నీళ్లలో ఆడుకుంటారు. విశాఖ అనగానే బౌద్ధ క్షేత్రాలని కూడా చెబుతారు. ఫణిగిరి, నాగార్జునకొండ మన దగ్గరే ఉండగా తొట్లకొండకు అంత దూరం పోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

నల్లగొండ కోడలు:

పాలమూరు బాటసారి గారు "పిల్లలు నీళ్లలో ఆడుకుంటారు" అన్నారు. నాకు అన్నిటికన్నా భయం వేసే మాట అది. అందుకే దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మన వైపు పిల్లలకు తెలిసిన నీరు చెరువు నీరు, కాలువ నీరు. చెరువులో ఎంత లోతుకు దిగితే అంతే, అడుగు తెలిసినంత మేర నిలబడవచ్చు. సముద్రంలో మోకాలి లోతులో నిలబడ్డ మనిషి కూడా నిలకడగా ఉండడు. అలలు ఒడ్డుకు తెచ్చి పోసిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా. అది తీరమంతా సమానంగా వెనక్కి పోదు, ఎక్కడో ఒకచోట సన్నని దారి చేసుకొని వేగంగా లోపలికి లాగుతుంది. ఆ దారిలో అల పెద్దగా విరగదు, అందుచేత చుట్టుపక్కల కంటే అక్కడే నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవారు ఇక్కడ అలల ఉధృతి తక్కువగా ఉందని పిల్లలను సరిగ్గా అక్కడే దింపుతారు. ఆర్.కె. బీచ్‌లో తీరం త్వరగా లోతవుతుంది, రాళ్లూ ఉన్నాయి. ప్రతి ఏటా అక్కడ బయటి ఊళ్ల యువకులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. యారాడ బీచ్‌లోనూ అంతే. నేను అక్కడ పెరిగినదాన్నే అయినా మా ఇంట్లో పెద్దలు ఆర్.కె. బీచ్‌లో పాదాలు తడుపుకోవడానికి మించి ఎన్నడూ ఒప్పుకోలేదు. సూర్యలంక చదునుగా ఉంటుందన్నది నిజమే, కానీ అక్కడా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. లోతు లేదన్న ధీమాతో పిల్లలను వదిలేయకండి.

నీళ్లలో దిగి తీరాలనుకుంటే రుషికొండకు వెళ్లండి. శుభ్రంగా, భద్రంగా ఉండే తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపును 2020లో పొందిన తీరం అది. అక్కడ కూడా కాపలావారు చూపిన మేరలోనే, పెద్దవాళ్లు చెయ్యి పట్టుకొని ఉండగానే దింపండి. ఎవరినైనా నీరు లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీది అలసిపోకూడదు, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ ధార దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివారు వెనకాలే దూకకూడదు. ఈ నాలుగు మాటలు బయలుదేరే ముందే పిల్లలకు ఇంట్లో చెప్పి తీసుకెళ్లండి.

ఇక తొట్లకొండ. నాగార్జునకొండను, ఫణిగిరిని చూసినవారికే తొట్లకొండ ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం. స్తూపం, చైత్యం, విహారం వంటివన్నీ మనకు తెలిసినవే. కానీ ఇక్కడ భిక్షువుల గదుల పునాదుల మీద నిలబడి తల ఎత్తితే ఎదురుగా బంగాళాఖాతం కనిపిస్తుంది. కొండ మీద నీటి ఊట లేక, వానకాలపు నీటిని రాతిలో తొలిచిన తొట్లలో నిలువ చేసుకున్నారు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కృష్ణా లోయలోని విహారాలను సముద్ర వ్యాపారం ఎలా పోషించిందో ఇక్కడ నిలబడితే కళ్లకు కడుతుంది. ఉదయం ఏడు లోపు వెళ్లండి, తరువాత నీడ దొరకదు. అదే దారిలో ఇంకొంచెం ముందుకు పోతే భీమిలి వస్తుంది. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి పాత సమాధులు చూసి, మధ్యాహ్న భోజనానికి తిరిగి రావచ్చు.

దేవరకొండ వాసి:

గత మేలో మేము చేపల రేవుకు వెళ్లాము. వెళ్లి తీరాలని అందరూ చెప్పిన చోటు అది. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి, వేలం పాట లేదు, వల బాగు చేసుకుంటున్న మనుషులు మాత్రం కనిపించారు. తెల్లవారుజామునే పిల్లలను లేపి తీసుకెళ్లిన శ్రమ వృథా అయింది. కాబట్టి విశాఖవారు చెప్పే "తెల్లవారుజాము" సలహాలన్నీ నమ్మనవసరం లేదని నా అభిప్రాయం. సింహాచలం మాత్రం తప్పక చూడండి.

నల్లగొండ కోడలు:

దేవరకొండ వాసి గారూ, మీకు ఆ సలహా ఇచ్చినవారు నెల చూసి చెప్పవలసింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవలు వేటకు వెళ్లకుండా 61 రోజుల నిషేధం ఉంటుంది. మన బడులకు సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. అందుకే ఈ యాత్ర జాబితాలో చేపల రేవును నేను పెట్టలేదు. డిసెంబరులో వెళ్లి ఉంటే వంజరం, చందువ, కొమ్ముకోనాం గుట్టలుగా పోసి పాడే వేలాన్ని చూసేవారు, కొర్రమీను తప్ప చేప తెలియని మన పిల్లలు అక్కడి నుంచి కదిలేవారు కాదు. మేలో హోటళ్లలో తాజా సముద్రపు చేప అని ఏది పెట్టినా, అది ఎక్కడిదో ఒక మాట అడిగి తినండి.

సింహాచలం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. యాదగిరిగుట్టకు, మట్టపల్లికి మొక్కుకునే మన వైపువారికి ఆ నరసింహుడు పరాయివాడు కాడు. అయితే ఏడాదంతా స్వామి చందనపు పూతలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు మాత్రమే. ఆ రోజు రద్దీ తట్టుకోవడం మోకాళ్ల నొప్పులున్నవారి వల్ల కాదు, మీ తేదీలు దానికి తగలకుండా చూసుకోండి. 1516లోనూ 1519లోనూ శ్రీకృష్ణదేవరాయలు అక్కడికి వచ్చినట్టు శాసనాలున్నాయి, పిల్లలకు చూపించండి.

మిర్యాలగూడ రైలు:

సముద్రం గురించి కోడలు గారు రాసినదాన్ని నేను మా ఇంట్లో చదివి వినిపించాను. అయినా నా మాట మార్చుకోను. ఊళ్లో చూడదగ్గవి ఎన్ని ఉన్నా, ఆ కొండ రైలు మళ్లీ ఎప్పుడు ఎక్కుతారన్నది అసలు ప్రశ్న. మన కుటుంబాలు విశాఖకు పదేళ్లకోసారి వెళతాయి. పూలు లేవన్న కారణంతో దాన్ని వదులుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు.

నల్లగొండ కోడలు:

మీ అభిరుచిని నేను కాదనను. కానీ ఆ రైలు ఉదయం ఏడు లోపే బయలుదేరుతుంది, తిరిగి ఊరు చేరేసరికి రాత్రి అవుతుంది. బొర్రా గుహల్లో దిగడానికీ ఎక్కడానికీ చాలా మెట్లున్నాయి, అవి తడిగా ఉంటాయి. ప్రశ్న అడిగినవారి వెంట వచ్చేది ఎవరో చూసి చెప్పాలి. మీరు చెప్పిన యాత్ర నవంబరులో, నాలుగు రోజుల వ్యవధితో, నడవగలిగినవారికైతే నేనే దగ్గరుండి పంపిస్తాను. రైలు ఆనందమే కావాలంటే జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌లో పగటి పూట వెళ్లండి. నల్లగొండ దాటాక కృష్ణను రెండుసార్లు, రాజమండ్రి దగ్గర గోదావరిని ఒకసారి దాటిస్తుంది.

పానగల్ కట్ట:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మతో మాట్లాడాను. గుహల మెట్లంటే ఆమె ముందే వద్దన్నది, కనుక ఈసారికి అరకు లేదు. మా పెద్దవాడు మాత్రం కొండ రైలు పోయిందని అలిగాడు. ఒక సందేహం మిగిలింది: బీచ్ రోడ్డులోని జలాంతర్గామి లోపలికి అమ్మ వెళ్లగలదా?

నల్లగొండ కోడలు:

వెళ్లకపోవడమే మంచిది. ఐ.ఎన్.ఎస్. కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 వరకు పనిచేసిన నిజమైన జలాంతర్గామి, చూపడానికి చేసిన నమూనా కాదు. అందుకే లోపల దారి ఇరుకు. ఒక గది నుంచి ఇంకో గదికి పోవాలంటే గుండ్రటి చిన్న ద్వారంలో తల వంచి, కాలు ఎత్తి పెట్టి దూరాలి, మోకాలు పూర్తిగా మడవాలి. పిల్లలతో మీరు వెళ్లండి. నావికులు ఒకరి మీద ఒకరుగా పడుకున్న పడకలు, టార్పెడో గొట్టాలు వాళ్లు చూడాలి. ఆ సమయంలో అమ్మగారిని రోడ్డు అవతల టి.యు.-142 విమానం ఉన్న ప్రదర్శనశాల దగ్గర కూర్చోబెట్టవచ్చు. సోమవారం సెలవు, ఆ రోజు తొట్లకొండకు పెట్టుకోండి. అలిగిన పెద్దబ్బాయిని రాస్ హిల్ మీద ఓడ లోపలికి వచ్చేదాకా కదలనివ్వకండి.