హాల్ ఆఫ్ ఫేమ్ చేరడానికి బ్లైలెవెన్‌కి 14 ఏళ్లు ఎందుకు పట్టింది?

బేస్‌బాల్ తెలిసినవాళ్లు కాస్త చెబుతారా? నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ని, ఈ ఆట లెక్కలు ఇంకా తలకెక్కడం లేదు.

నా సందేహం బెర్ట్ బ్లైలెవెన్ గురించి. 1951లో నెదర్లాండ్స్‌లోని జైస్ట్‌లో పుట్టాడు. చిన్నప్పుడే ఇంట్లోవాళ్లతో కెనడాకి, అక్కణ్నుంచి కాలిఫోర్నియాకి వెళ్లాడు. 19 ఏళ్లకే మిన్నెసోటా ట్విన్స్ జట్టు పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు). మొత్తం 22 సీజన్లు, ఆయన ఖాతాలో 287 విజయాలు, 3,701 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం), 60 షటౌట్లు (ఒక్క పరుగూ ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం తానే వేయడం). 1979లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో, 1987లో ట్విన్స్‌తో వరల్డ్ సిరీస్ (అమెరికా లీగ్ ఫైనల్) గెలిచాడు. ఆయన కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) వీడియోలు చూశారా? నేల తాకకుండానే బంతి గాల్లోనే కిందికి జారిపోతుంది. మన స్పిన్నర్లకి పిచ్ సాయమైనా ఉంటుంది!

అయినా బేస్‌బాల్ దిగ్గజాలకి దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2011లో, 14వసారి ఓటింగ్‌లో. గొప్ప పిచ్చర్లకి గీటురాయిగా చూసే 300 విజయాలకి 13 తక్కువైనందుకా? ఏటా ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఒక్కసారీ రానందుకా? 1986లో 50 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) ఇచ్చాడు, నిజమే, కానీ దానికే ఇంత శిక్షా?

ఇంకోటి. 1973లో, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి పక్కనపెడితే, 9 ఇన్నింగ్స్‌కి (అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి) సగటున రెండున్నర పరుగులే ఇచ్చాడు. అయినా ఆయన లెక్కలో 20 గెలుపులు, 17 ఓటములు. సొంత జట్టు బ్యాటర్లు పరుగులు తీయకపోతే ఆ ఓటమిని పిచ్చర్ ఖాతాలో ఎందుకు రాస్తారు?